చివరి గది డెల్మర్

డెల్మర్ హౌక్ తన జీవితకాలంలో నేర్చిన విద్య ఒక్కటే. భయమంతా ముగిసిందని నమ్మి, ఊపిరి పీల్చుకొని, వెలుపలి తలుపువైపు నడుస్తున్న జనం వీపుల వెనుక, గొలుసు ఊడదీసిన మోటారు రంపాన్ని ఒక్కసారిగా మోగించడం. ఈ విద్యను అతడు సంగీత విద్వాంసుడు రాగాన్ని సాధించినంత శ్రద్ధగా సాధించాడు. విద్వాంసుడికి తగినంత గర్వాన్నీ, దానిపైన మరికొంత గర్వాన్నీ కూడా సంపాదించుకున్నాడు. అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డున పెబుల్ పాయింట్ పార్కులో, జనం టిక్కెట్టు కొని భయపడటానికి ఏటేటా హాలోవీన్‌కు ముందు వెలిసే దయ్యాల కొంపకు అతడే పెద్ద. వేసవి అంతా అదే పార్కులో రంగులరాట్నం గుర్రాలకు రంగులు పూస్తూ, ఎవరి కంటా పడని మనిషిగా కాలం గడిపేవాడు. ద్రాక్షతోటల్లో కోతలు మొదలై, సరస్సు గాలికి చురుకు పుట్టేసరికి అతని నడక మారేది, గొంతు మారేది, పలకరించినవారికి బదులు చెప్పే అలవాటు కూడా మారేది.

పుట్టుకను గురించి చెప్పుకోదగినది లేదు. తండ్రి ఆష్టబులా రేవులో ఓడలనుండి ఇనుపరాయి దించేవాడు. కొడుకూ అదే పనికి వస్తాడని ఆయన అనుకున్నాడు. రేవులో పని తగ్గిపోయింది. కొడుక్కు పనిమీద మనసు అంతకు ముందే తగ్గిపోయింది. పార్కులో రంపం మోగించే మనిషి నిచ్చెనమీదనుండి పడి కాలు విరగ్గొట్టుకున్న ఏడు, ఎవరో ఒకరు కావలసివచ్చి, పాప్‌కార్న్ బండి దగ్గర ఊరికే నిలబడి ఉన్న డెల్మర్‌ను పిలిచారు. ఆ సాయంత్రం ఒక నడివయసు జంట అతని రంపపు మోతకు బూటొకటి వదిలేసి కార్ల దాకా పరుగెత్తింది. తాను దేనికోసం పుట్టాడో ఆనాడే తెలిసిందని అతడు తరచుగా చెప్పేవాడు. అందుకోసం పుట్టడం కూడా ఒక పుట్టుకేనా అని అడిగినవారు లేరు.

పెళ్ళి కూడా చేసుకున్నాడు. జానీస్ అనే ఆ ఇల్లాలు, నవంబరు మొదలు ఆగస్టు దాకా ఈ మనిషి దగ్గర మాట్లాడేందుకు ఒక్క సంగతీ లేదనీ, సెప్టెంబరు వచ్చిందంటే ఆ ఒక్క సంగతి తప్ప మరొకటి లేదనీ గ్రహించి, టొలీడోలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళి మళ్ళీ తిరిగిరాలేదు. అది కొత్త రంపం కొన్న ఏడు జరిగిందని డెల్మర్‌కు జ్ఞాపకం.

ఆ కొంపలో అతని తరువాత అంతటి అనుభవం గలది లోరెట్టా మజురెక్. ఏడాది పొడుగునా బడిబస్సు నడుపుతుంది. శరత్కాలంలో సాయంత్రాలు రబ్బరు ముక్కు తగిలించుకొని మంత్రగత్తె అవుతుంది. ఆమె బస్సెక్కే పిల్లలకు ఈ రెండింటికీ మధ్య పెద్ద తేడా కనబడదు. డెల్మర్‌తో మొగమాటం లేకుండా మాట్లాడగలిగినది ఆమె ఒక్కతే.

దయ్యాల కొంపల పనివారందరికీ ఒక కట్టుబాటు ఉంది. మనిషిని ఎప్పుడూ ముందుకే భయపెట్టాలి, వెనక్కి భయపెట్టకూడదు. ఎదురుగా దూకితే వచ్చినవాడు వెనక్కి తగ్గుతాడు, వెనుకనున్నవాడు వచ్చి అతని మీద పడతాడు, వరుస ఆగిపోతుంది. వరుస ఆగితే కొంప చచ్చినట్టే. చీకట్లో ఒక్క క్షణం మెరిసి మాయమైనప్పుడే దయ్యం దయ్యంగా చెల్లుతుంది. అదే దయ్యాన్ని తీరికగా నిలబడి చూస్తే, రబ్బరు తొడుగు వేసుకొని చెమటలు కక్కుతున్న కూలిమనిషి కనబడతాడు. ఈ కట్టుబాటును డెల్మర్ కొత్తగా చేరినవారికి వేదంలా వల్లింపజేసేవాడు. అది తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు కూడా.

తాను రంపం మోగించే చివరి గది మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాడు. జ్వరం వచ్చినా ఇవ్వలేదు, నడుము పట్టుకుపోయినా ఇవ్వలేదు. ఊళ్ళో శుక్రవారం చేపల వేపుడు విందులకు వెళితే, "ఇతనే, ఆ చివరి గదిలో ఉండేది ఇతనే!" అని ఎవరో ఒకరు వేలెత్తి చూపించేవారు. అతని బతుకంతా ఆ వేలి కొసనే నిలిచి ఉండేది.

ఇంతలో పార్కుకు గ్రెగ్ స్వోబోడా అనే కొత్త మేనేజరు వచ్చాడు. అంతకు ముందు అతడు వేడినీళ్ళ స్నానపు తొట్లు అమ్మేవాడు. మనుషులను గోరువెచ్చగా ఉంచడమే వ్యాపారమని అక్కడ నేర్చుకొని వచ్చాడు. జూలైలో ఒక మధ్యాహ్నం కొంప పనివారందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి, తాను సాధించిన ఘనకార్యాన్ని ప్రకటించాడు. దేశమంతా పనులు మానుకొని చూస్తున్న 'ఉప్పుకోట' అనే టీవీ సీరియల్‌ను దయ్యాల కొంపగా మార్చి ఆడించేందుకు లైసెన్సు దొరికిందట.

"ఇకమీదట దీన్ని దయ్యాల కొంప అనకండి. 'ఉప్పుకోట అనుభవం' అనాలి," అన్నాడు స్వోబోడా.

"చివరి గది సంగతేంటి సార్?" అన్నాడు డెల్మర్. అతని చెవికి మిగిలినదేదీ ఎక్కలేదు.

"చివరి గదిలో ఉప్పురాణి సింహాసనం. ఆవిడ లేచి నిలబడి అందరికీ వీడ్కోలు చెబుతుంది."

"వీడ్కోలా? దయ్యాల కొంపలో వీడ్కోలేంటి సార్? ఇదేమన్నా పెళ్ళా, వచ్చినోళ్ళని గుమ్మం దాకా సాగనంపటానికి? మరి నా రంపం?"

"ఉప్పుకోటలో రంపం లేదు డెల్మర్. అది పాతకాలం కథ. అప్పటికి మోటార్లు లేవు."

"గోడమీది ఆ పోస్టరులో ఒంటికన్ను పాములున్నాయే, అవి మాత్రం అప్పటికి ఉన్నాయా?"

"అవి ఉన్నాయి," అన్నాడు స్వోబోడా గంభీరంగా. "అవి కథలో భాగం."

ఆ రోజునుండి డెల్మర్‌కు తిండి సరిగా దిగలేదు. కొంపలో మిగిలిన గదులన్నీ ఎవరేం చేసుకున్నా అతనికి పట్టింపు లేదు. చివరి గది పోతే మాత్రం అతడు రంగులరాట్నం గుర్రాలకు రంగులు పూసే మనిషిగానే ఏడాదంతా మిగిలిపోతాడు. ఆ గది నిలుపుకోవాలంటే ఆ సీరియల్‌లోనే జనాన్ని పరుగెత్తించగల ప్రాణి ఏదో ఒకటి వెతకాలి. టీవీ అంటే అతనికి పరమ అసహ్యం. అయినా పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని మొదటి భాగం చూశాడు. అందులో ఊల్మ్ అనే చిత్తడినేల మృగం రెల్లుపొదల్లోనుండి లేచి, గొర్రెలకాపరులను పట్టి చీల్చింది. డెల్మర్ ముఖం వికసించింది. అంతటితో టీవీ కట్టేశాడు. కోకొల్లలుగా ఉన్న మిగిలిన భాగాలలో ఏముందో తెలుసుకోవలసిన అవసరం తన వంటి కళాకారుడికి లేదనుకున్నాడు.

మర్నాడు లోరెట్టా బస్సు కడుగుతుంటే వెళ్ళి చెప్పాడు.

"దొరికింది లోరెట్టా! ఊల్మ్! చివరి గదికి నేనే ఊల్మ్‌ని."

లోరెట్టా గొట్టం కింద పడేసింది. "ఊల్మా? నీకేమన్నా మతిపోయిందా? మా మనవరాలు దాని బొమ్మ పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. అది తరవాత్తరవాత ఏమవుతుందంటే..."

"కథ చెప్పకు నాకు."

"కథ కాదయ్యా, చివరికి అది..."

"నేను భయపెట్టడం మొదలుపెట్టినప్పుడు నువ్వు ఇంకా మేకప్ డబ్బా మూత తీయడం నేర్చుకుంటున్నావు. నాకు చెబుతావా?"

"అయితే చావు," అని ఆమె గొట్టం తీసుకొని మళ్ళీ చక్రాలు కడగసాగింది.

ఆమె చెప్పబోయినది ఇది. గొర్రెలకాపరులను చీల్చిన ఊల్మ్, కథ నడిచేకొద్దీ కళ్ళులేని ఒక చిన్నపిల్లకు చేరువై, ఆమెను మోసుకొని ఉప్పుబయళ్ళు దాటించి, చివరికి ఆమెకోసం ప్రాణం విడుస్తుంది. చిత్తడినేల ప్రజలు దాని కళేబరం చుట్టూ ఒంటిమోకాలిమీద కూర్చొని, అరచేతులు నేలమీద వెల్లకిలా పెట్టి నమస్కరిస్తారు. ఆ భాగం ప్రసారమైన రాత్రి దేశంలో ఎదిగిన మగవాళ్ళు, తమ తండ్రులు పోయినప్పుడు కూడా కార్చని కన్నీళ్ళు కార్చారు. ఇది తెలియని మనిషి ఆ తీరంలో బహుశా డెల్మర్ ఒక్కడే; తెలుసుకోకపోవడం గొప్పతనమని నమ్మినవాడు కూడా అతడొక్కడే.

ఆగస్టులో సీరియల్ కంపెనీ తరఫున మారిసా ఫెల్డ్‌కాంప్ అనే యువతి లాస్ ఏంజెలిస్‌నుండి దిగింది. ఉప్పుకోట మర్యాదలకు భంగం కలగకుండా చూడటం ఆమె ఉద్యోగం. గది గదికీ తిరిగి నిషేధాలు ప్రకటించింది. కోటకాపలా భటులు పరుగెత్తరాదు. వారిది ఠీవిగల వంశం. ఉప్పురాణి కేక వేయరాదు. ఆమె కోపం కళ్ళలోనే ఉండాలి. గోడల వెనుకనుండి చేతులు చాచరాదు. ఉప్పుకోట గోడలకు కంతలు లేవు. ఒక్కొక్క నిషేధానికీ ఒక్కొక్క దయ్యం ఉద్యోగం సగం ఊడుతూ వచ్చింది.

లోరెట్టా తన గదిలో గొంతు సవరించుకొని, ఆ ప్రాంతమంతటా పేరుపడిన తన నవ్వు నవ్వి చూపించింది.

మారిసా సున్నితంగా తల అడ్డంగా ఊపింది. "మన్నించండి. మా మంత్రగత్తె నవ్వదు. చిన్నప్పుడు ఆవిడకి ఒక గాయం తగిలింది."

"నాకూ తగిలింది తల్లీ, ఇదిగో మోకాలిమీద," అన్నది లోరెట్టా. "అయినా నవ్వుతూనే ఉన్నాను."

"అది లోపలి గాయమండీ."

"ఇంకేం, పైకి కనబడదుగా! నవ్వితే తప్పేంటి?"

మారిసాకు హాస్యం అర్థం చేసుకునే శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. ఆమె చివరి గదికి వచ్చేసరికి డెల్మర్ తలుపు దగ్గర కాపలా మనిషిలా నిలబడి ఉన్నాడు. తన అభిప్రాయం చెప్పాడు. రాణి వద్దు, ఊల్మ్ ఉండాలి, ఆ వేషం తానే కట్టాలి.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చివర్లో ఊల్మ్‌నా? మీరు... మీరు దీని గురించి బాగా ఆలోచించారా?"

"ఆలోచించకుండా చెబుతానా మేడమ్? ఇన్నేళ్ళుగా ఇదే నా పని."

"జనం తట్టుకోలేరండీ."

"తట్టుకోకూడదనేగా పెట్టేది!"

"ఎంత ధైర్యం!" అన్నది మారిసా. అతని చేయి పట్టుకొని ఊపింది. తన మాటకు లాస్ ఏంజెలిస్ కూడా తలవంచిందని ఆ వారమంతా డెల్మర్ చెప్పుకు తిరిగాడు. లోరెట్టా వింటూ, చూయింగ్‌గమ్ నములుతూ అతన్ని చూసేది. చెప్పబోతే నోరు మూయించిన మనిషికి రెండోసారి చెప్పేటంత ఓపిక బడిబస్సు నడిపేవారికి ఉండదు.

సెప్టెంబరులో వేషం పెట్టెలో వచ్చింది. బొచ్చు మేలైనది, పళ్ళు మేలైనవి. కళ్ళు మాత్రం డెల్మర్‌కు నచ్చలేదు.

"ఇవేం కళ్ళు? ఎవడో కొట్టి ఇంట్లోంచి పంపేసినట్టున్నాయి."

"అవే అసలు కళ్ళండీ," అన్నది మారిసా. "వాటిని మార్చడానికి వీల్లేదు."

"పోనీలే. చీకట్లో కళ్ళు ఎవడు చూస్తాడు?"

మొదటి శుక్రవారం, పొద్దు సరస్సులోకి దిగుతూ ఉండగానే ద్వారం ముందు వరుస పార్కు ఫెన్సు దాకా పాకింది. ఆ వరుసను చూసిన అనుభవజ్ఞుడెవడికైనా అనుమానం రావలసింది. భయపడటానికి వచ్చేవారు కుర్రకారు. ఒకరినొకరు తోసుకుంటూ, అనవసరంగా నవ్వుతూ వస్తారు. ఇక్కడ చంటిపిల్లలతో తల్లులున్నారు, ఊల్మ్ చెవులు కుట్టిన ఉన్నిటోపీలు పెట్టుకున్న అమ్మమ్మలున్నారు, గంజిపెట్టిన ఉప్పుకోట అంగీలు తొడుక్కొని నిశ్శబ్దంగా నిలబడ్డ గడ్డాల మగవాళ్ళున్నారు. చర్చికి వచ్చినట్టు వచ్చారు. డెల్మర్ అదేమీ చూడలేదు. అతడు రెల్లుగోడ వెనుక, బొచ్చులో, మోకాళ్ళు వంచి, దూకడానికి సిద్ధంగా ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. మొదటి గుంపు లోపలికి వచ్చింది. వారిని సగం దారి నడవనిచ్చి, గోడ చీల్చుకొని వారి వెనుకనుండి దూకి, గుండెలు జారిపోయేటట్టు గర్జించాడు.

ఒక్కరూ పరుగెత్తలేదు. అందరూ వెనుదిరిగారు. ఎవరో ఆడమనిషి, తప్పిపోయిన బిడ్డను బస్టాండులో చూసినట్టు, "ఊల్మ్!" అన్నది. ఒకరి తరువాత ఒకరు ఒంటిమోకాలిమీద కూర్చున్నారు. అరచేతులు నేలమీద పరిచారు.

డెల్మర్ మళ్ళీ గర్జించాడు. ఈసారి మరింత గట్టిగా.

"ఆ అరుపులో ఎంత బాధ ఉందో చూశావా!" అన్నాడు ఒక గడ్డం మనిషి భార్యతో.

రెండవ గుంపు వచ్చి మొదటి గుంపును గుద్దుకొని, సంగతి గ్రహించి, తానూ కూర్చుంది. మూడవ గుంపు తలుపులో ఇరుక్కుంది. అతడు అలంకారానికి పెట్టిన పుర్రెను తన్నాడు, చప్పట్లు కొట్టారు. కోరలు చూపించాడు, ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. ఒక చంటిపిల్ల అతని తోక పట్టుకొని నోట్లో పెట్టుకుంది. తల్లి మురిసిపోయింది.

వరుస ఆగిపోయింది. చివరి గదినుండి మొదటి గది దాకా ఆగిపోయింది. తన గదిలో లోరెట్టా అటకమీదనుండి సరిగ్గా దూకి, నవ్వు లేకుండా చేయగలిగినంతా చేసింది. జనం కెవ్వుమన్నారు, కానీ కదలడానికి చోటు లేదు. ఆమె వారి ముందు, వారు ఆమె ముందు, నిలబడిపోయారు. రబ్బరు ముక్కు చివర చెమట బొట్టు వేలాడసాగింది.

"ఇంకా ఎంతసేపు పడుతుందమ్మా?" అని ఒక పెద్దమనిషి మర్యాదగా అడిగాడు.

"నాకేం తెలుసు నాయనా? నేను దయ్యాన్ని."

"బాత్‌రూమ్ ఎటువైపు?"

"వెనక్కి వెళ్ళి ఎడమపక్క," అన్నది దయ్యం.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీనులో కొంప పనివారంతా డెల్మర్‌ను చుట్టుముట్టారు. భటులు, మంత్రగత్తెలు, ఒంటికన్ను పాముకు తల భాగం ఒకడు, తోక భాగం ఒకడు. సాయంత్రమంతా జనంతో వాతావరణం గురించీ, క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ జట్టు దురదృష్టం గురించీ మాట్లాడవలసివచ్చిందని ఒక్కొక్కరూ మొరపెట్టుకున్నారు. పాము తోకకైతే ఒక ముసలావిడ తన కీళ్ళనొప్పులన్నీ చెప్పుకుందట.

"నువ్వే కదయ్యా, వరుస ఆగితే కొంప చచ్చినట్టేనని మాకు నూరిపోసింది!" అన్నది లోరెట్టా. "ఇప్పుడు ఆగింది ఎవరి గదిలో?"

"నాదా తప్పు? వాళ్ళు మోకాళ్ళేస్తే నేనేం చేయను?"

"ఆ మృగం చచ్చిపోయిందని దేశమంతా ఏడ్చింది. చెప్పబోతే విన్నావా? సరే, అయిందేదో అయింది. రాణికి వదిలేసెయ్ ఆ గది. ఆవిడంటే ఎవరికీ పడదు, చూసి త్వరగా వెళ్ళిపోతారు."

డెల్మర్ ముఖం ఎర్రబడింది. "చివరి గది నాది. ఈ రాత్రికి చూడండి. బొచ్చు కింద రంపం పెట్టుకుంటాను. మోకాళ్ళేసినోళ్ళు మోకాళ్ళమీదే పరుగెత్తుతారు."

"మరి ఆ లాస్ ఏంజెలిస్ పిల్ల?"

"రేపు తిట్టుకోమను. ఇవాళ మాత్రం వరుస కదులుతుంది. మాటిస్తున్నాను."

మాట విని పనివారు శాంతించారు. పాము తల, తోక ఒకరినొకరు భుజం తట్టుకున్నారు. ఈ మాట నిలబడితే అందరి బతుకులూ బాగుపడేవి. డెల్మర్ గురించి కూడా వేరుగా చెప్పుకోవలసివచ్చేది.

ఆ సాయంత్రం అతడు రంపాన్ని పొట్టకు కట్టుకొని, పైన బొచ్చు తొడుక్కొని, రెల్లుగోడ వెనుక నిలబడ్డాడు. గుంపు వచ్చింది, కూర్చుంది, అరచేతులు పరిచింది. డెల్మర్ చేయి బొచ్చులోకి దూరి రంపం తాడు పట్టుకుంది. ఒక్కసారి లాగితే చాలు, మోగుతుంది.

ముందు వరుసలో ఊలు శాలువా కప్పుకొన్న ఒక స్త్రీ ఉంది. అన్ని భాగాలూ అనేకసార్లు చూసినవారిలో కనబడే తడిసిన, నిండిన ముఖం ఆమెది. తల ఎత్తి అతన్ని చాలాసేపు చూసింది. తరువాత, గుడిలో విగ్రహంతో మాట్లాడినంత మెల్లగా అన్నది:

"టీవీలో వాడికన్నా నువ్వే నయం."

డెల్మర్ వేళ్ళు తాడుమీద ఆగాయి.

ఇన్నేళ్ళుగా జనం అతని ముందునుండి పారిపోయారు. పారిపోయే వీపులనుండి ప్రశంసను ఊహించుకోవలసివచ్చేదే తప్ప, ఆగి, ముఖంలో ముఖం పెట్టి, నీవు బాగున్నావని చెప్పిన ప్రాణి లేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఒక మనిషి దొరికేసరికి, సూత్రాలు, కట్టుబాట్లు, మధ్యాహ్నం ఇచ్చిన మాట, గోడల వెనుక అతన్ని నమ్ముకొని ఎదురుచూస్తున్న దయ్యాలు, అన్నీ అతని బుర్రలోనుండి, బొక్కపడిన బస్తాలోనుండి బియ్యంలా కారిపోయాయి. దీన్ని జాలి అని కొందరు తరువాత అన్నారు. జాలి కాదు. ఆమె అదే మాట మరో వేషగాడితో అని ఉంటే డెల్మర్ తాడు లాగి ఉండేవాడు.

అతడు తాడు వదిలాడు. మెల్లగా వంగాడు. ఉప్పుకోట కంపెనీవారు కుట్టిన ఆ మూతిని ఆమె అరచేతిమీద ఆనించాడు. గదంతా నిట్టూర్చింది. గోడల వెనుక, గది వెనుక గదిలో, వరుస మళ్ళీ గడ్డకట్టింది.

ఆ తరువాత పతనం వేగంగా సాగింది. మర్నాటినుండి అతడు వంగే వేగాన్ని అద్దం ముందు సాధన చేశాడు. తల కొంచెం కుడివైపుకు వాలిస్తే బాధ ఎక్కువగా కనబడుతుందని కనిపెట్టాడు. క్యాంటీనులో ఊల్మ్ అంతరంగాన్ని గురించి ఉపన్యసించసాగాడు. ఆ మృగం అంతరంగం ఎక్కడ ఎలా బయటపడిందో చూసిన పాపాన మాత్రం ఇప్పటికీ పోలేదు.

"ఊల్మ్ పైకి క్రూరుడే," అనేవాడు కాఫీ కలుపుతూ, "లోపల మాత్రం ఒంటరివాడు."

"నీకెలా తెలుసు? మొదటి భాగమే కదా చూసింది?" అన్నాడు పాము తోక.

"వేషం కట్టినవాడికి తెలుస్తుంది. నీకు తోకే ఇచ్చారు, నీకేం తెలుస్తుంది?"

స్వోబోడా పొంగిపోయి చివరి గదిలో బెంచీలు వేయించాడు, ఫోటోలు తీసే మనిషిని పెట్టాడు. మారిసా లాస్ ఏంజెలిస్‌కు ఫోన్ చేసి, పెబుల్ పాయింట్‌లో ఒక అద్భుతం జరుగుతోందని చెప్పింది. ఆ కొంపలో అంతటికీ ఎవరైనా భయపడినట్టు ఒక్క కేక కూడా వినబడటం మానేసింది.

అక్టోబరు నడిమధ్యలో ఒక మధ్యాహ్నం లోరెట్టా చివరి గదికి వచ్చింది. డెల్మర్ బెంచీమీద కూర్చొని ఊల్మ్ బొచ్చు దువ్వుతున్నాడు.

"మేమంతా వెళ్ళిపోతున్నాం," అన్నది ఆమె. "మొక్కజొన్న రైతు హోస్టెట్లర్ తన కొట్టం ఇస్తానన్నాడు. టీవీ లేదు, లైసెన్సు లేదు, ఏమీ లేదు. చీకటి మాత్రం కావలసినంత. నువ్వొస్తే చివరి గది నీదే. రంపం తెచ్చుకో."

డెల్మర్ దువ్వెన ఆపలేదు. "కొట్టంలోనా?"

"కొట్టంలోనే. ఒకప్పటి ఆవుల వాసన కూడా ఉంది, ఖర్చులేకుండా."

"నాకోసం జనం పిట్స్‌బర్గ్‌నుంచి వస్తున్నారు లోరెట్టా."

"నీకోసం కాదయ్యా. బొచ్చుకోసం."

"నువ్వు అసూయపడుతున్నావు."

"అవును," అన్నది లోరెట్టా. "నాకు కూడా ఎవరైనా తోక నమిలిపెడితే బాగుండును." అని వెళ్ళిపోయింది. ఆమె వెంట భటులు వెళ్ళారు, పాము రెండు ముక్కలూ వెళ్ళాయి. వారి స్థానంలో స్వోబోడా చెరకురసం బండివాడిలాంటి చిరునవ్వుగల కుర్రకారును పెట్టాడు. జనానికి దారి చూపించడం వారి పని. డెల్మర్ ఆ సీజను చివరిదాకా సింహాసనం మీద రాజులా చివరి గదిలో వెలిగాడు.

వెలుగు ఆ ఒక్క సీజనుదే. శీతాకాలంలో ఉప్పుకోట ముగిసింది; ముగిసిన తీరు ఎవరికీ నచ్చక, నిన్నటిదాకా ఏడ్చినవారంతా తిట్టుకోవడం మొదలుపెట్టారు. వసంతంలో కంపెనీవారు వేషాన్ని పెట్టెలో పెట్టించి తెప్పించుకున్నారు. ఊల్మ్ చెవుల టోపీలు పాతబట్టల దుకాణాలకు చేరాయి. ఎండలు ముదిరేసరికి డెల్మర్ రంగుడబ్బా కింద పెట్టి స్వోబోడా గదికి వెళ్ళాడు.

"ఈ ఏడు ఏం సీరియల్ సార్?"

"నీటికుక్కల మఠం," అన్నాడు స్వోబోడా. "సన్యాసి నీటికుక్కలు. చాలా ప్రశాంతంగా ఉంటుంది."

"చివరి గదికి ఏ జంతువైనా సరే నాకు. నీటికుక్కైనా సరే."

"చివరి గది లేదు డెల్మర్. పోయినేడు బెంచీలమీద కూర్చున్నవాళ్ళు కొనడానికి ఏమీ లేదని బాధపడ్డారు. అక్కడ దుకాణం పెడుతున్నాం. కప్పులు, టోపీలు, ఫ్రిజ్జుకి అంటించే బొమ్మలు."

"దుకాణంలో జంతువు అక్కర్లేదా?"

స్వోబోడా నిజంగానే ఆలోచించాడు. "గల్లాపెట్టె దగ్గర మనిషి కావాలి," అన్నాడు. "కానీ నవ్వుతూ మాట్లాడేవాళ్ళు కావాలి."

హోస్టెట్లర్ కొట్టానికి డెల్మర్ వెళ్ళేసరికి సెప్టెంబరు వచ్చింది. లోరెట్టా నిచ్చెనమీద ఉండి నల్లగుడ్డకు మేకులు కొడుతోంది. నోట్లో మేకులు పెట్టుకొనే అతని మాట మొత్తం విన్నది. డెల్మర్ తానొచ్చినందుకు వారు సంతోషిస్తారన్న ధోరణిలోనే మాట్లాడాడు; పిట్స్‌బర్గ్ ప్రస్తావన రెండుసార్లు తెచ్చాడు.

ఆమె మేకులు ఉమ్మేసింది. "చివరి గది పాము తోకకి ఇచ్చాను. పోయినేడు కుర్రాడు బాగా పరుగెత్తించాడు."

"వాడా? వాడికేం తెలుసు?"

"ఏమీ తెలీదు. అందుకే వాడు ఎవరి మాటా వినడు, చేతిలో ఉన్నది మోగిస్తాడంతే." నిచ్చెన దిగింది. "కార్లు నిలిపే పొలం దగ్గర మనిషి లేడు. టార్చిలైటు పట్టుకుని వరుసలు చూపించాలి. చేస్తావా?"

 టార్చి బరువు ఎంత ఉంటుందని డెల్మర్ అడిగాడు.

మొదటి శనివారం అతడు పొలంలో నిలబడ్డాడు. టార్చి పట్టుకొనే పద్ధతి ఈ తరంవారికి తెలియదని ప్రతి కారువాడికీ చెప్పాడు. లోపల ఏముందని అడిగినవారికి, "పాత తమాషాలే, ఏముంది? అసలు మనిషి లేడు లోపల," అని జవాబిచ్చాడు. చీకటి పడింది. కొట్టం పక్క తలుపు భళ్ళున తెరుచుకొని, రంపపు మోతతో పాటు మనుషుల వరద పొలంలోకి విరుచుకుపడింది. కేకలు వేస్తూ, ఒకరినొకరు లాక్కుంటూ, బూట్లు బురదలో వదిలేసుకుంటూ పరుగెత్తివస్తున్నారు.

"ఇటు! ఈ వరుసలోకి!" అని డెల్మర్ టార్చి ఊపుతూ అరిచాడు. "అటు కాదయ్యా, అటు కాదు! ఎవరి కారు దగ్గరికి వాళ్ళు!"

వారు అతన్ని చూడలేదు. అతనికి రెండు పక్కలనుండీ చీలి, మొక్కజొన్నలోకీ, గోతిలోకీ, ఎవరి కార్లో తెలియని కార్లలోకీ పరుగెత్తిపోయారు.